జూనియర్ ఉద్యోగి పొరపాటు

ఇంటర్నెట్‌లో మా యూనిట్‌కి నాలుగు విభాగాలుండేవి. సేల్స్, క్వాలిటీ, డిస్పాచ్, కస్టమర్ సంబంధాలు. నాలుగింటికీ వేరువేరు మెయిల్ ఐడీలు, వేరువేరు సంతకాలు. నాలుగూ నేనే. సరుకు పంపడం ఆలస్యమైతే సేల్స్‌గా ఉన్న నేను, డిస్పాచ్‌గా ఉన్న నాకు, కస్టమర్ కళ్లబడేలా గట్టిగా ఒక మెయిల్ పెట్టేదాన్ని. డిస్పాచ్ నేను వినయంగా జవాబిచ్చేదాన్ని. ఒక్కోసారి క్వాలిటీ నేను మధ్యలో దూరి ఇద్దరికీ సర్దిచెప్పేదాన్ని. ఈ ముగ్గురూ కూర్చునే కుర్చీ ఒక్కటే. దానికి ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క పెట్టుకోవాలి.

అసలు సంగతేమిటంటే భిలాయి పక్కన హథ్‌ఖోజ్‌లో మాదొక రేకుల షెడ్డు. రెండు లేత్ మెషిన్లు, రంధ్రాలు సరైన కొలతకి కోసే ఒక బోరింగ్ మెషిన్, ఒక డ్రిల్లింగ్ మెషిన్, ఇద్దరు ఛత్తీస్‌గఢీ ఆపరేటర్లు. వాళ్లకి పైన మా నాన్న. భిలాయి ఉక్కు ప్లాంటు మెషిన్ షాపులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చుంటే కాళ్లు పట్టేస్తున్నాయని ఈ షెడ్డు పెట్టుకున్నాడు. ఇనుము ముక్కని చేత్తో తడిమి అది ఏ గ్రేడో సుమారుగా చెప్పేస్తాడు. కస్టమర్‌తో మాట్లాడమంటే మాత్రం "ఆఁ, అయిపోద్ది, ఫికర్ లేదు" అని ఫోన్ పెట్టేస్తాడు.

నేను రాయ్‌పూర్‌లో ఒక ఆఫీసులో ఎనిమిదేళ్లు కస్టమర్లకి ఉత్తరాలు రాసే ఉద్యోగం చేసి మానేసి నాన్న దగ్గర చేరాను. ఆ ఆఫీసులో నాకు నేర్పిన మొదటి పాఠం క్షమాపణ రాయకూడదని. రాస్తే తప్పు ఒప్పుకున్నట్టే, రేపు అదే కాగితం మన ముందు పెడతారని మా పై అధికారిణి చెప్పేది. కోపం రాయకూడదు, కంగారు రాయకూడదు, తెలియదని అసలే రాయకూడదు. నేనవన్నీ బాగా వంటబట్టించుకున్నాను. భిలాయిలో పుట్టి పెరిగి, ఇంట్లో శ్రీకాకుళం మాట, బయట హిందీ మాట్లాడే నాకు ఆ శుభ్రమైన ఇంగ్లీషు మెయిల్ రాస్తున్నప్పుడు ఒంటిమీద ఇస్త్రీ బట్టలున్నట్టుండేది.

నేను చేరిన కొత్తలో నాగపూర్ కస్టమర్ ఒకాయన ముందు చెప్పకుండా వీడియో కాల్ చేశాడు. నాన్న ఎత్తాడు. బనియను మీద, మెడలో గంఛా తువ్వాలు, బోర్లించిన చెక్కపెట్టె మీద టిఫిన్ డబ్బా. "రండి సార్, భోజనం సెయ్యండి" అని నాన్న హిందీలో మర్యాద చేశాడు. ఆయన నవ్వి పెట్టేశాడు. ఆ తర్వాత ఆయన నుంచి ఒక్క ఆర్డరూ రాలేదు. ఇంకేం కారణముందో నాకు తెలియదు. ఆ బనియనే కారణమని మాత్రం ఆ రోజే తీర్మానించుకున్నాను. అప్పట్నుంచి కస్టమర్ల కళ్లకి నాన్న కనబడకుండా చూడటం నా ఉద్యోగంలో సగమైపోయింది.

అలాంటి రోజుల్లో పుణె కంపెనీ దొరికింది. వాళ్లు కన్వేయర్లు తయారుచేస్తారు. ముందు నమూనాగా పన్నెండు బేరింగ్ హౌసింగులు, అంటే బేరింగ్ కూర్చునే ఇనుప గూళ్లు, చేసి పంపమన్నారు. అవి నచ్చితే మమ్మల్ని తమ శాశ్వత సరఫరాదారుల జాబితాలో చేర్చుకుంటారు. ఆ ఏడాది ఇక్కడి చిన్న పనులన్నీ పలచబడిపోయాయి. ఆపరేటర్లిద్దరూ మధ్యాహ్నానికే చేతులు తుడుచుకుని కూర్చుంటున్నారు. ఈ జాబితాలో పేరు పడకపోతే షెడ్డు తలుపులు మూసేయాల్సిందేనని నాకూ తెలుసు, నాన్నకీ తెలుసు.

పుణె వాళ్లు పని కోసం ఫోన్లో ఒక గ్రూపు పెట్టమన్నారు. వాళ్ల వైపు నుంచి పర్చేజ్ మేడమ్, ఒక ఇంజనీరు. మా వైపు నుంచి నేను. గ్రూపుకి అడ్మిన్ కూడా నేనే. ఇంజనీరు మొదటి వారమే డ్రాయింగ్ మీద నాకు అర్థంకాని ప్రశ్నలు వేశాడు. నేను నాన్నని అడిగి, గంట తర్వాత జవాబు రాసేదాన్ని. అతను విసుక్కుని, "మీ టెక్నికల్ హెడ్‌ని గ్రూపులో చేర్చండి" అన్నాడు.

తప్పలేదు. ముందు ఫోటో సంగతి చూశాను. నాన్నని ఊళ్లోని పవర్ హౌస్ బజారుకి తీసుకెళ్లాను. అక్కడ స్టూడియోలో ముఖం ఒక్కటి తీసి, కంప్యూటర్లో కోటూ టై తగిలిస్తారు. స్టూడియో వాడు బూడిదరంగు కోటు తగిలించి, నుదుటి మీది పాత మచ్చ కూడా తుడిచేశాడు. నాన్న తెర మీదికి వంగి చూశాడు.

"ఈ కోటు ఎవులిదమ్మా?"

"ఎవరిదీ కాదు నాన్నా, కంప్యూటర్‌ది."

"మచ్చేటి సేసేడు? ప్లాంటులో రేకు తగిలిన మచ్చ అది."

"అదెందుకు నాన్నా వాళ్లకి?" అన్నాను. ఆయన నుదురు తడుముకున్నాడు. కోటు ఫోటో పెట్టి, కింద టెక్నికల్ డైరెక్టర్ అని రాసి, గ్రూపులో చేర్చాను. ఇంజనీరు అడిగినదానికి తప్ప ఏమీ రాయొద్దని, రాసేముందు నాకు చూపించమని మరీ మరీ చెప్పాను.

మర్నాడు పొద్దున్న ఆరు గంటలకి గ్రూపులో మెసేజ్ పడింది. "ఛార్జ్ తీసుకున్నాను. మెషిన్లన్నీ నడుస్తున్నాయి. చెప్పుకోదగ్గ విశేషం లేదు." నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్లాంటులో షిఫ్టు మారినప్పుడు లాగ్ బుక్కులో రాసే మాటలవి. ఏ మెషిన్ ఎలా ఉంది, ఏం విరిగింది, ఎవరి చేతిలో ఏం పాడైంది, అంతా రాసి సంతకం పెడితేగాని ఇంటికి రాకూడదు. తన తప్పయితే తనే, తన చేత్తోనే రాయాలి. ఇంకొకరితో రాయిస్తే మెషిన్ షాపులో ముఖం చూడరట. నాన్నకి ఎదుటి మనుషులు చదివే చోటేదైనా లాగ్ బుక్కే. ఇది కస్టమర్ గ్రూపు, డ్యూటీ బుక్కు కాదు అని వివరించాను. "అలాగేలే" అన్నాడు. పుణె ఇంజనీరు మాత్రం దానికి పైకెత్తిన బొటనవేలి గుర్తు పెట్టాడు. అది వెటకారమని నేననుకున్నాను.

పన్నెండు హౌసింగుల్లో బోరింగ్ అంతా నాన్నే చేశాడు. కంటి ఆపరేషన్ అయి అప్పటికి నాలుగు నెలలు. అయినా ఆ పని ఆపరేటర్లకి వదల్లేదు. ఏడో నంబరు దగ్గర బేరింగ్ కూర్చునే రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైపోయింది. నాన్న మెషిన్ ఆపి, చాలాసేపు దాని ముందే నిలబడ్డాడు. తర్వాత లోపల బుష్ అనే ఉక్కు గొట్టం ముక్క ఒకటి బిగించి, మళ్లీ సరైన కొలతకి కోశాడు. కొలిస్తే అన్నీ సరిగ్గా వచ్చాయి. సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏడో నెంబరు నా సేత్తో పెద్దదైపోనాదమ్మా. బుష్ ఏసీసేను. పని సేస్తాది. నన్ను రాయొద్దన్నావు కదా, ఒకపాలి నువ్వే వాళ్లకి రాసీ."

"రాస్తాలే నాన్నా."

రాయలేదు. రాయాలనే కూర్చున్నాను, నిజం చెప్తున్నాను. కానీ ఆ విషయాన్ని ఎన్ని విధాల తిప్పి రాసినా లోపల్నుంచి కంటి ఆపరేషన్ చేయించుకున్న ముసలాయన బయటికొస్తున్నాడు. చివరికి క్వాలిటీ విభాగం తరఫున పన్నెండింటి కొలతలూ పట్టికగా వేసి, అన్నీ డ్రాయింగ్ ప్రకారం ఉన్నాయని పంపాను. కొలతలు నిజమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నాన్న అడిగితే రాసేశానన్నాను. సరుకు లారీ ఎక్కింది.

నాలుగో రోజు పదకొండు గంటలప్పుడు నేను పవర్ హౌస్‌లో లేత్‌కి బిగించే టూల్ బిట్లు కొంటున్నాను. గ్రూపులో ఇంజనీరు అడిగాడు, సరుకు అందింది, పన్నెండూ రిపేరేమీ లేకుండా చేసినవేనా అని. కొట్టువాడు బిట్లు పొట్లం కడుతుండగా, ఒక చేత్తో సంచి పట్టుకుని రెండో చేత్తో "అవును, నిర్ధారిస్తున్నాం" అని కొట్టాను. మా మెయిళ్లలో మేము ఎప్పుడూ బహువచనమే.

నిమిషం కూడా కాలేదు. కోటు ఫోటో పక్కన మెసేజ్ వచ్చింది. నాన్న ప్లాంటు ఇంగ్లీషులో, అన్నీ పెద్దక్షరాల్లో రాశాడు. తెలుగులో చెప్పాలంటే ఇది: "హౌసింగ్ నంబర్ ఏడు. బోరు పెద్దదైంది. నా చేత్తో జరిగింది. బుష్ వేశాను, చెక్ చేశాను. బిగించిన మొదటి వారం కనిపెట్టి చూడండి, కదిలితే ఆపేయండి." కింద తన పూర్తి పేరు, ప్లాంటు పాత టోకెన్ నంబరు.

ఆ కొట్టు ముందు అంత రద్దీలో నిలబడి, అడ్మిన్‌కి ఉన్న అధికారంతో ఆ మెసేజ్ చెరిపేశాను. చెరిపేసినట్టు గుర్తు మిగులుతుంది కదా. మేడమ్ వెంటనే అడిగింది, ఏమిటది, ఏం తీసేశారు అని. నా వేళ్లు ఎనిమిదేళ్ల అలవాటుతో వాటంతటవే కదిలాయి. డైరెక్టర్ గారి ఫోన్ ఒక జూనియర్ ఉద్యోగి చేతిలో ఉందని, వేరే కస్టమర్ పనికి సంబంధించిన సమాచారం పొరపాటున ఇక్కడ పడిందని, దయచేసి పట్టించుకోవద్దని రాశాను. చదువుకున్నాను. చాలా బాగా కుదిరింది. ఆ తర్వాత నాన్నని గ్రూపులోంచి తీసేశాను.

తీసేసిన తర్వాత తట్టింది, అప్పటిదాకా వచ్చినవన్నీ, నేనిప్పుడు రాసినదానితో సహా, ఆయన ఫోన్లో ఉంటాయని.

స్కూటీ మీద షెడ్డుకి వచ్చే దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. గేటు దగ్గర పెద్ద ఆపరేటర్ ఎదురొచ్చి, "దీదీ, బాబూజీ మెషిన్ బంద్ కర్ దియే" అన్నాడు. పనివేళలో నాన్న మెషిన్ ఆపడం వాళ్లెప్పుడూ చూడలేదు.

నాన్న బోరింగ్ మెషిన్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఫోన్ చేతిలోనే ఉంది. కోపంగా లేడు. దానికే నాకు భయమేసింది.

"ఏటమ్మా, ఏడో నెంబరు ఏరే ఎవులి పనో అని రాసేవు?"

"నాన్నా, నీకు చెప్పానుగా, నాకు చూపించకుండా ఏమీ రాయొద్దని."

"నువ్వు రాసీసేనన్నావు. ఆ ఇంజనీరు అడిగితే నువ్వు రిపేరేటీ లేదంతన్నావు. నువ్వు మర్సిపోనావేమో అని రాసేను." ఫోన్ జేబులో పెట్టుకుని, "నాను సేసిందే కదమ్మా అది. మంచైనా, సెడ్డైనా," అన్నాడు.

తప్పు నాదని తెలిసినప్పుడే నాకు నోరెక్కువ లేస్తుంది. "ఇది ప్లాంటు కాదు నాన్నా! అక్కడ తప్పు రాస్తే జీతం ఆగదు, ఇక్కడ షెడ్డు మూతపడుతుంది. నీ బనియను చూసే నాగపూర్ వాడు పోయాడు, ఇప్పుడు పుణె వాళ్లని కూడా పొమ్మంటావా? ఎక్కడ ఏం మాట్లాడాలో నీకు తెలీదు!" అని అరిచాను. ఆపరేటర్లిద్దరూ బయటికి వెళ్లిపోయారు. నాగపూర్ మాట నేనెప్పుడూ ఆయనతో అనలేదు. అది విని నాన్న తన చొక్కా వైపు ఒకసారి చూసుకున్నాడు.

"ప్లాంటులో కూడా బయ్యమేసీది," అన్నాడు నెమ్మదిగా. "ఒకపాలి రాసినందుకు నాకు ఇంక్రిమెంటు ఆపీసేరు. అయినా రాసీవోళ్లం. నువ్వు రాయకుండా ఎల్లిపోతే, తరవాత షిఫ్టువోడు బాగుందనుకుని సెయ్యెడతాడు. ఆ పూనాలో మెషిన్ కాడ నిలబడినోడికి ఎవులు సెప్తారమ్మా?"

కొలతలు సరిపోయాయని ఏదో గొణిగాను. నాన్న లేచి, మెషిన్ ఆన్ చేసి, నాకు వీపు పెట్టి పనిలో పడ్డాడు.

ఆ సాయంత్రం పుణె ఇంజనీరు ఫోన్ చేశాడు. నేను చెరిపేలోపే అతను ఆ మెసేజ్ చదివేశాడు. "మేడమ్, ఏడో నంబరు మాదేనా?" అని అడిగాడు. అడిగిన తీరులో కోపం లేదు. ఔననడానికి నాకదే చివరి అవకాశమని ఆ క్షణంలోనే నాకు తెలుసు. కాదన్నాను. "సరే, మీరు రాతపూర్వకంగా చెప్పారు కదా," అని పెట్టేశాడు.

మూడు వారాలకి జాబితాలో మా పేరు పడింది. మేడమ్ మా నాలుగు విభాగాల పనితీరునీ మెచ్చుకుంటూ మెయిల్ పెట్టింది. ముఖ్యంగా మా సమాచార వ్యవహారం ఎంతో వృత్తిపరంగా ఉందని రాసింది. అది చదివి ఇంట్లో చెప్తే అమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. నాన్న "మంచిదమ్మా" అన్నాడు, అంతే. షెడ్డు బతికింది. ఆపరేటర్లకి పని దొరికింది. పుణె నంబరు మోగిన ప్రతిసారీ ఇప్పటికీ వెంటనే ఎత్తలేను, ఏడో నంబరు కదిలిందేమోనని. ఏమీ కాలేదు ఇంతవరకూ. నాన్న పని అలాంటిది. కానీ ఏమీ కాకపోవడం నాకు నిబ్బరాన్నివ్వలేదు. ఒక్క లైను రాసి పంపితే అయిపోయేదాన్ని నేను ఈ రోజుకీ రాయలేదు. ఇప్పుడు రాస్తే అప్పుడెందుకు రాయలేదంటారు కదా అన్నది నా సాకు. సిగ్గుపడుతున్నాను, అయినా రాయడం లేదు.

నాన్న ఆ తర్వాత ఏ గ్రూపులోనూ చేరలేదు. ఇంజనీరు రెండుసార్లు మీ డైరెక్టర్ గారు కనబడటం లేదే అని అడిగితే, ప్రయాణంలో ఉన్నారని చెప్పాను. నాన్న అప్పుడు మూడడుగుల దూరంలో లేత్ మీద ఉన్నాడు. పని విషయం ఏదైనా ఉంటే ఇప్పుడాయన చిన్న ఆపరేటర్‌తో చెప్పి పంపుతాడు. అతను నా బల్ల దగ్గరికొచ్చి, బాబూజీ ఇలా అన్నారని చెప్తాడు. అమ్మ ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి, "మీ నాన్న ఏటే, ఈ మధ్య నోరిప్పట్లేదు? నీతో ఏటైనా అయ్యిందేటి?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. అబద్ధం నాకు ఎంత సులువుగా వస్తుందో ఆ రోజు నాకే వింతగా అనిపించింది.

కిందటి నెల ఒక ఆదివారం పొద్దున్న నేను టీ తాగుతూ వరండాలో కూర్చున్నాను. నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత తనంతట తాను వచ్చాడని లోపల సంతోషపడ్డాను. ప్లాంటులో ఆయనతోపాటు ఒకే రోజు చేరి, పాతికేళ్లు పక్క మెషిన్ మీద పనిచేసిన స్నేహితుడు ముందు రోజు విజయనగరంలో పోయాడు. రిటైరైన వాళ్లంతా ఫోన్లో ఆయన కొడుకుకి సంతాపం పంపుతున్నారు. నాన్న తన ఫోన్ నా చేతికిచ్చాడు.

"ఒకపాలి సూడమ్మా. ఇది పంపొచ్చా?"

తెలుగులోనే రాశాడు. "బాబూ, మీ నాన్నా నేనూ ఒకే రోజు డ్యూటీలో చేరాం. నాకు దెబ్బ తగిలిన రోజు నన్ను మోసుకెళ్లింది మీ నాన్నే. రాత్రి నుంచి నాకు ఏడుపు ఆగడం లేదు." అంతే ఉంది.

"దీనికి నన్నడగడమేంటి నాన్నా?"

"ఏమోనమ్మా. పదిమందీ సూస్తారు కదా. నాకు తెల్దు కదా, ఎక్కడేటి రాయాలో." వెటకారమేమోనని ఆయన ముఖంలోకి చూశాను. అలాంటిదేమీ లేదు. నిజంగానే అడుగుతున్నాడు. వేలు చివరి లైను మీద పెట్టి, "ఇది తీసీమంటావా? బాగోదేమో," అన్నాడు.

"ఉంచు నాన్నా. బాగుంది. అది ఉండాలి," అన్నాను.

ఆయన ఫోన్ తీసుకుని కళ్లజోడు సర్దుకున్నాడు. కాసేపు ఆ లైను వైపే చూశాడు. తర్వాత ఒక్కో అక్షరమే చెరుపుకుంటూ వచ్చి, మిగిలింది పంపాడు.